నా వేలి కోసం ఆగిన మాటలు

మేడ్చల్‌కు ఎవరూ ఊరు చూడటానికి పోరు. ప్లాటు కొనేవాళ్లు పోతారు, కంపెనీల్లో డ్యూటీ ఉన్నవాళ్లు పోతారు, పెళ్లి కార్డులు పంచేవాళ్లు పోతారు. నేను మా కోడలిని వెంటబెట్టుకుని ఒక కళ్లజోడు పెట్టుకు చూడటానికి పోయాను. చూపు కోసం కాదు, వినికిడి కోసం. తిరిగొచ్చినప్పటి నుంచి అంగట్లో అందరూ అదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా రాసి పెడదామని కూర్చున్నాను.

మాది కరీంనగర్ అవతలి పల్లె. పెళ్లై వచ్చినప్పటి నుంచి వారం అంగట్లో కూరగాయలు అమ్మాను. చెవులు కొంచెం కొంచెంగా తగ్గి, కొన్నేళ్ల కింద పూర్తిగా పోయాయి. డాక్టర్లకు చూపించాం, చెవిలో పెట్టుకునే మిషన్లూ పెట్టి చూశాం, లాభం లేకపోయింది. అప్పటి నుంచి బేరం మా కోడలు కవితది, తూకం నాది. బేరమంటే మాటకు మాట వెంటనే తగలాలి. గిరాకీ మనిషి ధర అడిగాక కవిత పలక మీద రాసి, నేను చదివి, జవాబు చెప్పేసరికి ఆ మనిషి పక్క గంప దగ్గర సంచి నింపుకుంటూ ఉంటాడు.

నాకు అక్షరాలు వచ్చింది కూడా చెవులు పోతున్న ఆ రోజుల్లోనే. సంఘం ఆడవాళ్ల కోసం పెట్టిన సాయంత్రం బడిలో టీచరమ్మ నాకు నా గంపలోంచే చదువు మొదలుపెట్టింది. ఉల్లి, బెండ, టమాట, పాలకూర, కిలో, పావుకిలో. చదవడం వచ్చింది గానీ వేగం రాలేదు. ఇప్పటికీ అక్షరం కింద చూపుడువేలు పెట్టుకుంటాను. అది జరిగినంతే నేనూ జరుగుతాను.

పోయిన ఏడాది శ్రావణి అనే ఇంజనీరమ్మాయి మా అంగడికి ఒక డబ్బా తెచ్చింది. ఎదుటి మనిషి మాట్లాడింది తెలుగు అక్షరాల్లో చూపించే డబ్బా. దాన్ని ఫోనుకు తగిలించాలి, ఫోనుకు సిగ్నలు ఉండాలి. మా అంగట్లో సిగ్నలు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండదు. ఇక్కడి మాట ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ల దాకా పోయి తిరిగొచ్చేలోపు మనిషే వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నానికి ఆ డబ్బా పెనం మీది రొట్టెలా కాలింది, బ్యాటరీ అయిపోయి ఆగిపోయింది. "కొత్త చిప్పు వస్తోందమ్మా. వచ్చాక పిలుస్తాను" అని శ్రావణి నా పలక మీద రాసి పోయింది. 

ఈ చలికాలం పిలిచింది. ఉన్నవి కొన్ని జోళ్లేనట, అడిగేవాళ్లు ఎక్కువట. పెట్టించి చూసి, పనికొస్తుందనుకున్న వాళ్లకే వాడుకోవడానికి ఇస్తారట. పనికొస్తే గంప వెనక నా చోటు నాకు దొరుకుతుంది. లేకపోతే మిగిలిన రోజులన్నీ తక్కెడ పట్టుకుని కూర్చోవడమే.

శామీర్‌పేట

దారిలో చెరువు చూద్దామని కవిత నన్ను శామీర్‌పేటలోనే బస్సు దింపింది. నీళ్లు మస్తుగా ఉన్నాయి. కట్ట మీద ఫోటోలు దిగే జంటలు, పుస్తకాల సంచులతో లా కాలేజీ పిల్లలు. జింకల పార్కు మూసి ఉంది, గేటు సందులోంచి తొంగిచూసి వచ్చాం. మిరపకాయ బజ్జీలు మా దగ్గరికన్నా పెద్దవి, కారం మాత్రం తక్కువ. చాయ్ పదిహేను రూపాయలు. కప్పు నా బొటనవేలంత.

చాయ్ పోసేవాడితో కవిత ఏదో అన్నది. వాడేదో అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు లేనివాళ్లకు ఇదొక అలవాటు. అందరి మొహాలూ చూసి నవ్వుతాం, అందుకే మా నవ్వు ఎప్పుడూ చివర వస్తుంది. అందరూ ఆపాక ఒక్కదాన్నే నవ్వుతుంటే చాయ్ పోసేవాడు నా వైపు వింతగా చూశాడు. తర్వాత కవిత పలక మీద రాసింది. కప్పు ఇంత చిన్నదేందని తను అడిగితే, "పెద్దదిస్తే చెరువు చూసుడు మర్సి చాయే చూసుకుంట కూసుంటరమ్మా" అన్నాడట. మంచి మాటే. కానీ నేను చదివేసరికి చల్లారిపోయింది, చాయ్ లాగే.

తూంకుంట

శ్రావణి వాళ్ల ఇల్లు తూంకుంటలో కొత్త కాలనీలో ఉంది. ఇళ్లన్నీ ఒక్క తీరుగా ఉంటాయి, గేటు మీది పేరు చూస్తే తప్ప ఎవరిదేదో తెలియదు. నాకు పేరు చదవడం వచ్చు గనుక ఇల్లు నేనే పట్టాను. శ్రావణి ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. వాళ్లమ్మ వరలక్ష్మి గారు తలుపు తీశారు.

వాళ్లది గుంటూరు వైపు. మేము చేతులు కడుక్కునేలోపే విస్తరాకులంత కంచాలు పెట్టారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పచ్చిపులుసు కాదు గానీ బెల్లం వేసి కాచిన పులుసు. మా ఇంట్లో పులుసులో బెల్లం వేస్తే పథ్యమా అని అడుగుతారు. ఇక్కడ రెండోసారి వడ్డిస్తారు. గోంగూర మాత్రం వాళ్లదే గెలుపు, నూనెలో తేలుతూ, కారం చెవుల్లోంచి పొగలా వచ్చింది. నా చెవులకు అంతకన్నా పెద్ద పని తగిలి చాలా రోజులైంది.

కవిత కంచం పక్కనే పలక పెట్టుకుని రాసింది: "అత్తా, గీమె నన్ను గూడ అండి అంటాంది. నన్నెవలో అనుకున్నది."

కూరగాయలు ఇక్కడ ఫోనులో అడిగితే ఇంటికొస్తాయట. తోటకూర కట్ట ప్లాస్టిక్ సంచిలో, ధర అతికించి వచ్చింది. ఇరవై రూపాయలు. మా అంగట్లో పదికి అంతకన్నా పెద్దది. బేరం లేదు, మాట లేదు. నాలాంటిదానికి ఈ ఊరు మంచిదే గదా అనిపించింది ఒక క్షణం. తర్వాత దిగులేసింది.

మేడ్చల్

పొద్దున్నే శ్రావణితో మేడ్చల్ పోయాం. వాళ్ల ఆఫీసు స్టీలు సామాన్ల దుకాణం మీద, రెండో అంతస్తులో. కింద బిందెలు, పైన కంప్యూటర్లు. పైవాళ్ల పెద్ద కిరణ్ సారు. చిన్నవయసే, గడ్డం నెరిసింది.

శ్రావణి భూతద్దం కింద చిప్పు చూపించింది. నా చిటికెనవేలి గోరులో సగం ఉంటుంది. అలాంటిదే కళ్లజోడు కాడలో ఉందట. జోడు నా ముక్కు మీద పెట్టింది. మామూలు అద్దాలే. కొంచెం దూరంలో, గాలిలో, లేత ఆకుపచ్చ రంగులో అక్షరాలు వచ్చాయి.

"అత్తా, నేను మాట్లాడేది కనవడ్తాందా?"

కవిత పెదవులు ఇంకా మూసుకోలేదు. అక్షరాలు అప్పటికే వచ్చేశాయి. పైగా అవి కవిత మాటలే, ఎవరో దిద్దిన మాటలు కావు. ఏళ్ల తర్వాత నా కోడలి మాట పలుకుతుండగానే అందుకున్నాను.

"కనవడ్తాంది" అన్నాను.

"అమ్మో, ఇగ నేను నోరు కట్టుకోవాలె."

"అంటే నిన్నటిదాంక నా ముందట ఏమేం తిట్టినవ్?"

కవిత నాలుక కరుచుకుంది. శ్రావణి పడీపడీ నవ్వింది. ఈసారి నా నవ్వు చివర రాలేదు.

అంతా బాగుందనుకున్నాను. అప్పుడు కిరణ్ సారు పరీక్ష మొదలుపెట్టారు. పేపరు తీసి వాతావరణం గురించి చదివారు. "బంగాళాఖాతంలో" అనే మాట వచ్చింది. నేను బం, గా, ళా అని కూడబలుక్కునేసరికి ఆ లైను పోయి ఇంకో రెండు వచ్చాయి. అలవాటుగా నా వేలు గాలిలోకి లేచింది. అక్షరాలు ఎక్కడుంటే వేలు అక్కడికే పోయింది. అక్షరాల వెనక సారు ఉన్నారు. నేను తననే చూపిస్తున్నాననుకుని ఆయన కుడివైపు జరిగారు. నేను తల తిప్పాను, అక్షరాలూ తిరిగాయి, వేలూ తిరిగింది. ఆయన ఎడమవైపు జరిగారు. గదిలో పనిచేసే పిల్లలంతా కుర్చీలు తిప్పి చూస్తున్నారు. కవిత కొంగు నోట్లో పెట్టుకుంది.

నవ్వులు అయ్యాక సారు శ్రావణితో చాలాసేపు మాట్లాడారు. నాకు ముక్కలు ముక్కలుగా అందింది. తర్వాత కవిత పలక మీద రాస్తే పూర్తిగా తెలిసింది. "మన చిప్పు మాట పలకగానే రాస్తోంది. కానీ ఈ అమ్మ చదివేలోపు పోతోంది. ఎంత వేగం పెంచినా ఈమెకు ఏం లాభం? గబగబా చదివే మనిషి ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. రేపు బయట ఒకసారి చూసి తేల్చేద్దాం" అన్నారట. ఆయన తప్పేమీ లేదు. మా ఊరికి వచ్చిన డబ్బా నిదానంగా ఉందని పనికిరాలేదు. ఇప్పుడు నిదానంగా ఉన్నది నేను.

మళ్లీ తూంకుంటలో

ఆ సాయంత్రం జోడు నా దగ్గరే ఉంచారు. వంటింట్లో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతుంటే అద్దం మీద "కుక్కర్ విజిల్" అని వచ్చింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వరలక్ష్మి గారి కన్నా ముందు నేనే చెప్పాను. "మూడయ్యాయండీ, దింపండి!" అని వాళ్ల తీరులోనే అన్నాను. ఆమె మురిసిపోయారు.

శ్రావణి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. నాకోసం ఒక్కో మాటా ఆగి ఆగి పలికింది.

"అమ్మా, గాలిలో వేలు ఎందుకు పెడుతున్నారు?"

"గది లేకుంటే ఏ అక్షరం కాడ ఉన్ననో నాకే తెల్వది బిడ్డా. చిన్నప్పుడు నేర్సినోళ్లకు కండ్లే నడుస్తయి. నాకు ఏలు నడవాలె."

శ్రావణి నా వేలి వంక చాలాసేపు చూసింది.

"అయితే గా పాత డబ్బకు, గీ చిప్పుకు తేడా ఏంది? గదన్న చెప్పు, ఇంటికి పోయినంక అందరడుగుతరు" అన్నాను.

తను చెప్పినదాన్ని నా భాషలో చెప్పుకుంటే ఇదీ. పాత చిప్పు అంగట్లో కూర్చుని, ప్రతి కట్టకూ ఇంటికి నడిచిపోయి తెచ్చి అమ్మేదట. అమ్మకం తక్కువ, నడక ఎక్కువ. వేడి ఆ నడకదే, బ్యాటరీ తినేదీ ఆ నడకే. కొత్తదాంట్లో సరుకూ పనీ ఒక్కచోటనే పెట్టారు. చెయ్యి చాపితే కట్ట, సిగ్నలుతో పనే లేదు. అందుకే వేగం, అందుకే చల్లదనం, అందుకే ఒక్కసారి చార్జింగు పెడితే పొద్దుగూకేదాకా వస్తుంది. నేను కాడ మీద చెయ్యి పెట్టి చూశాను. నా చెంప కన్నా చల్లగా ఉంది. గోరులో సగం ఉన్న ముక్కలోకి అంగడినీ ఇంటినీ కలిపి తెచ్చినవాళ్లు ఎవరోగానీ, వాళ్ల చేతికి దండం పెట్టాలనిపించింది.

"ఇంకో సంగతేంటంటే," అంది శ్రావణి, "ఈ చిప్పుకి మన మాటలు రాయడం చాలా చిన్న పనమ్మా. ఇంకా బోలెడు బలం మిగిలిపోతోంది. ఖాళీగా కూర్చుంటోంది."

"ఖాళీగ కూసున్నోళ్లకు మా ఇంట్ల అయితే పని చెప్తరు" అంది కవిత.

శ్రావణి తల ఎత్తి కవితను చూసింది, నా వేలిని చూసింది, జోడు అడిగి తీసుకుని తన గదిలోకి పోయింది. అన్నానికి కూడా వాళ్లమ్మ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

అత్వెల్లి

మేడ్చల్ దాటాక పెద్దరోడ్డు పక్కనే అత్వెల్లి. రోడ్డుకు ఒకవైపు లారీలు, టైరు దుకాణాలు, దాబాలు. వాటి వెనకే పొలాలు. పొలంలోంచి కోసిన కూర నేరుగా రోడ్డు మీదికి తెచ్చి అమ్ముతారు. కిరణ్ సారు మోటారు సైకిలు మీద వచ్చి పక్కన నిలబడ్డారు.

టార్పాలిన్ కింద ఒకామె ఆకుకూర కుప్పలు పెట్టుకుని కూర్చుంది. పేరు ఖాజాబీ అని తర్వాత తెలిసింది. పొద్దున శ్రావణి తిరిగిచ్చిన జోడు పెట్టుకుని నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఏదో పెద్ద మాటే అన్నది. నా వేలు లేచింది.

"పొద్దుగాల్నే మా ఆయన కోసుకొచ్చిండు, పాలకూర, మెంతి, కొత్తిమీర అన్ని తాజా."

లైను పోలేదు. నేను "కోసుకొచ్చిండు" కాడ ఉన్నాను, అదీ అక్కడే ఉంది. నా వేలు జరిగినంతే జరిగింది. జోడు మధ్యలో చిన్న కన్ను ఉందట. రాత్రి శ్రావణి దానికి కొత్త పని నేర్పిందట. అది నా వేలిని చూసుకుంటూ, నేను దాటిన మాటను తీసేసి, దాటని మాటను పట్టి ఉంచుతోంది. వెనక వచ్చే మాటలు కిందికి వరుస కడుతున్నాయి. పాత చిప్పు వినడానికే చాలక ఆయాసపడేది. ఇది వింటూ, రాస్తూ, నా వేలిని కూడా కనిపెట్టుకుని ఉంది. అంత వేగం ఉన్నది గనుకనే నాకోసం ఆగగలిగింది.

ఈ సంబరంలో ఎదుటి మనిషిని మరిచిపోయాను.

"క్యా హువా? నా దిక్కు ఏలు జూపెడ్తవేందమ్మా? నేనేం జేసిన నీకు?"

"నీ దిక్కు గాదు చెల్లె, నీ మాట దిక్కు" అని నా సంగతంతా చెప్పాను. ఆమె జోడు తీసుకుని పెట్టుకుంది. తను మాట్లాడింది తనకు కనిపిస్తుంటే "యా అల్లా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చదువు రాదట. "ఏం రాసిందో గానీ ముత్యాల లెక్క ఉన్నది" అంది.

నేనూ కూర అమ్మేదాన్నేనని తెలిశాక ఇద్దరం ఒక్కటైపోయాం. మేము తడి గోనెసంచి కప్పుతాం, వీళ్లు టార్పాలిన్ కింద నీళ్లు చల్లుతారు. మేము కట్టను నారతో కడతాం, వీళ్లు రబ్బరు వేస్తారు. కట్ట బయట పెద్ద ఆకులు, లోపల చిన్న ఆకులు పెట్టడం మాత్రం రెండు చోట్లా ఉంది. ఆ మాట నేనంటే ఖాజాబీ "చుప్, గిరాకీ ఇంటది" అంది.

ఇంతలో ఆమె లేచింది. "నమాజ్ వక్తయింది అక్కా. రోజు పక్క పండ్లామె చూస్తది, ఇయ్యాల రాలే. జర కూసుంటవా? పాలకూర ఇర్వై, పదిహేనుకు దిగకు" అని, నా జవాబు కోసం ఆగకుండా వెనక ఇంటి వైపు పోయింది.

కవిత కుప్ప వెనక్కు రాబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కిరణ్ సారు చేతులు కట్టుకున్నారు.

స్కూటరు మీద ఆలుమగలు వచ్చి ఆగారు. కాలనీవాళ్లు.

"పాలకూర ఎలాగండీ?"

"ఇర్వైకి కట్ట."

"పదికివ్వండి, మూడు తీసుకుంటాం."

"పదికి ఏర్లే వస్తయి సారూ. ఆకు గావాల్నంటే ఇర్వై."

"మరీ వాడిపోయినట్టుంది కదండీ" అందామె.

"పొద్దటి సంది ఎండల నిలవడితే నువ్వు వాడిపోవా బిడ్డా? నాలుగు నీళ్లు సల్లుకుంటే నువ్వు లేస్తవ్, అదీ లేస్తది."

అతను నవ్వాడు. ఆమె అతని భుజం మీద చరిచింది, తనూ నవ్వింది. అతనేదో అన్నాడు గానీ ఒక లారీ పోయింది. అద్దం మీద "లారీ చప్పుడు" అని మాత్రమే వచ్చింది.

"నీ మాట లారీ మింగింది సారూ, మల్ల చెప్పు!"

అందరం ఒక్కసారే నవ్వాం. నా నవ్వు వాళ్ల నవ్వుల నడుమ ఉంది, ముందూ కాదు, వెనకా కాదు. మూడు కట్టలు పద్దెనిమిది లెక్కన పోయాయి. కొసరు కొత్తిమీర నేను వేశాను, ఖాజాబీ తర్వాత అందుకు నన్ను తిట్టింది.

స్కూటరు పోయాక కవిత నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, నువ్వు ఏలు లేపనేలేదు, చూసుకున్నవా?"

చూసుకోలేదు. కట్ట, ఇరవై, పది, పాలకూర, ఎండ. నేను మొదట నేర్చుకున్న మాటలవి. బంగాళాఖాతం దగ్గర నాకు వేలు కావాలి, పాలకూర దగ్గర అక్కర్లేదు.

కిరణ్ సారు నా ముందు కూర్చుని, నాకు తెలిసేలా నెమ్మదిగా పలికారు. "అమ్మా, ఈ జోడు మీ దగ్గరే ఉండనివ్వండి. వానాకాలం దాకా అంగట్లో వాడండి. ఎక్కడ తప్పుతోందో మాకు చెప్పండి."

ఆ మాట కోసం వేలు లేపాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంచుకున్నాను.

తిరుగు దారి

బస్సులో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఖాజాబీ ఇచ్చిన మెంతి కట్ట ఒళ్లో ఉంది. కవిత ఫోనులో నా కొడుకుతో మాట్లాడుతోంది. ఇన్నేళ్లుగా నా పక్కనే కూర్చుని ఎవరితో ఏమైనా మాట్లాడటం తనకు అలవాటు. జోడు సంగతి మరిచిపోయినట్టుంది. నేను బయటికే చూస్తున్నాను, అద్దం మీదికి మాటలు వస్తూనే ఉన్నాయి.

"ఆ, ఇచ్చిన్రు. ఇయ్యకుంటే నేను ఆడ్నే కూసుందు. నీకేం ఎర్క, అంగట్ల గొంతు పోయేదాంక ఒర్లేది నేను. అయినా గిరాకోల్లు రోజు గదే అడుగుతరు, పెద్దామె ఏది అని. పక్కపొంటే ఉన్నది గద అంటే, ఉన్నది సరే, మాట్లాడ్తలేదు గద అంటరు."

నా వేలు లేచింది. ఆగలేకపోయాను. శామీర్‌పేట వచ్చింది. కిటికీ నిండా చెరువు, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు.

"ఆమెకు నేనెన్నడు చెప్పలే. చెప్పాల్నంటే పలక మీద రాయాలె. గీ మాట రాసిస్తే పలక పట్టుకుని ఏడుస్తదని రాయలే."

కవిత ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. నా వేలు చూసింది, వేలు చూపిస్తున్న వైపు చూసింది.

"చెరువు చూస్తున్నవా అత్తా?"

"ఔ" అన్నాను. "చెరువే."

నీళ్లు వెనక్కి పోయాయి, కట్ట పోయింది, చాయ్ బండి పోయింది. ఆ లైను మాత్రం నేను వేలు దించేదాకా అక్కడే ఉంది.